కొంగున ముడేసిన చీటీ

నా తప్పు నాతోనే పోకూడదని ఇది రాస్తున్నాను. పంతొమ్మిది వందల నలభైల్లో ఒక మధ్యాహ్నం శంషాబాద్‌లో బస్సు కోసం కూర్చున్నాను. పక్కనున్న ఒకామె నా చేతిలోని గ్రంథాలయం పుస్తకాన్ని చూసి మాట కలిపింది.

"తమ్మీ, సినిమాల బాణామతి, చేతబడి చేసేదానికి నా లెక్కనే మెల్లకన్ను ఉన్నదంట. పట్నంల చూసొచ్చినోళ్లు చెప్పిన్రు. అప్పటిసంది నన్ను బాయికాడికి రానిస్తలేరు. గది నిజమేనా?"

"అంత ఉత్తదే అక్కా. నేను పుస్తకంల చదివిన," అన్నాను గర్వంగా.

"జర గదే రాసియ్యి. మా ఊరోళ్లకు చూపిస్త."

బాణామతి అబద్ధమని చీటీ రాసిచ్చాను. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి, కొంగున ముడేసుకుని బస్సెక్కింది. బస్సు కొత్తూరు వైపు కదిలాక, ఎదురుగా కూర్చున్న ముసలాయన అడిగాడు.

"ఏం మంత్రం రాసిచ్చినవ్ బిడ్డా ఆమెకు?"

అక్షరం రాని ఊళ్లో ఆ ముడి ఎలా కనిపిస్తుందో నాకప్పుడు తెలిసింది.

బడి లేని నాకు పుస్తకాలిచ్చిన నర్సింహులుకు, ఈ రాత దిద్దిన యాదగిరికి, సాపు ప్రతి రాసిన సత్తెమ్మకు కృతజ్ఞతలు. చీటీ తీసుకెళ్లిన ఆమె పేరు, ఆమె ఊరి పేరు నేను అడగలేదు.