విమల టీచర్ ఖాళీగా వదిలిన గడి

మిమ్మల్ని ఎవరు పెంచారో రుజువు చెయ్యమంటే ఏం చూపిస్తారు? మొన్న మారేడ్‌పల్లి జిరాక్స్ షాపులో వేడి కాగితాల వాసన తగలగానే నాకు పదిహేడేళ్ళ వయసు గుర్తొచ్చింది. చేతిలో ఫైలు, పక్కన విమల టీచర్.

మా అమ్మ లంబాడీ. నాన్నది వేరే కులం. నేను పుట్టిన ఏడాదికే వదిలి వెళ్ళాడు. అల్వాల్‌లో ఇళ్ళు కట్టే చోట ఇటుకలు మోసి అమ్మ నన్ను పెంచింది. చుట్టూ మా తండా వాళ్ళే, ఇంట్లో మా భాషే. నన్ను బడిలో చేర్చిన రోజు విమల టీచర్ రిజిస్టర్‌లో కులం గడి నింపలేదు. కులం పోవాలని సభల్లో మాట్లాడే మనిషి ఆమె. తన పేరు చివరి కులం తోకను ఎప్పుడో తీసేసుకున్నారు. “రాయకుంటే పోతది సోనీ. నువ్వు మనిషివి, గంతే” అన్నారు. నాకూ గొప్పగానే అనిపించింది.

నర్సింగ్ సీటుకు ఎస్టీ సర్టిఫికెట్ కావలసి వచ్చినప్పుడు ఆ గడే అడ్డం పడింది. “తండ్రి కులమే బిడ్డకొస్తదమ్మా. బడి రికార్డుల సుత ఏం లేదు” అన్నాడు విచారణాధికారి.

“పిల్ల నాయిన ఏడ పెంచిండు సార్? పెంచింది నేను గద” అంది అమ్మ. ఆ అధికారి రాసుకోలేదు.

కోపంగా టీచర్ ఇంటికి వెళ్ళాను. “నా కులం నేను వదులుకున్న, నాకేం పోలే. నీది సుత నేనే వదిలేసిన” అన్నారు. తల్లి సమాజంలోనే పెరిగి, వాళ్ళు పడ్డ అవమానాలే పడ్డామని చూపగలిగితే తండ్రి కులం అడ్డు రాదని వకీలును అడిగి తెలుసుకున్నదీ ఆమే.

విచారణలో టీచర్ చెప్పింది, ‘కులం లేని తరగతి’ అని ఆమె సభల్లో గొప్పగా చెప్పుకున్న తన క్లాసు గురించే. “లంబాడోళ్ళ పిల్ల పక్కన కూసోం అని నా క్లాసు పిల్లలు ఏడ్చిన్రు సార్. నీళ్ళ గ్లాసు వేరే పెట్టిన్రు. బడికి చెడ్డపేరని నేను గప్‌చుప్ ఉన్న.”

“రాసిస్తే మీ మీదికే వస్తది టీచరమ్మా” అన్నాడు అధికారి.

“రానియ్యిండ్రి. జెర పెన్ను ఇయ్యిండ్రి, నాది రాస్తలేదు.”

సర్టిఫికెట్ వచ్చింది. నర్సునయ్యాను. టీచర్ ఇప్పుడు లేరు. అయినా నా మనసు కుదుటపడలేదు. విచారణలో అమ్మ ఆ అవమానాలన్నీ మూడుసార్లు చెప్పింది. ఎవరూ కలం తియ్యలేదు. పెద్ద కులంలో పుట్టిన టీచర్ ఒక్కసారి చెబితే నమ్మారు. గాయానికి కూడా పరువున్న సాక్షి కావాలా? ఆ చట్టాన్ని, ఆ అధికారి కుర్చీని నేను ఇంకా ప్రశ్నిస్తూనే ఉన్నాను. టీచర్ నుంచి నాకు మిగిలింది ఒకటే: నా ఆదర్శం ఎవరి నెత్తిన పడిందో వెనక్కి తిరిగి చూసుకోవడం, తప్పయితే నలుగురిలో ఒప్పుకోవడం.

మీ వీధిలోనో మీ బడిలోనో తల్లి ఒక్కతే పెంచిన ఇలాంటి బిడ్డ ఉంటే, ఆ తల్లి వచ్చి అడిగేదాకా ఆగకండి. ఆ బిడ్డ పడ్డ అవమానాల్లో మీరు చూసినదీ, చూసి ఊరుకున్నదీ సాక్ష్యంగా కాగితం మీద రాయండి. కింద మీ పేరు పెట్టండి. ఆ కాగితం మీరే తీసుకెళ్ళి ఆ తల్లి చేతికివ్వండి.