నుమాయిష్ మైకులో మా ఆయన పేరు

నూలు రాక మగ్గం ఆగిపోవడం హుజూరాబాద్ దగ్గరి మా ఊళ్లో మామూలే. కానీ ఆ చలికాలం మా ఆయనకు ఏం పుట్టిందో, "పట్నం పోదాం పా, రెండొద్దులు తిరిగొద్దాం," అన్నాడు. పెళ్లయి ఏడాది దాటింది. ఇంట్లో సగం మగ్గమే, మిగతా సగంలో మామ. మేమిద్దరం నింపాదిగా మాట్లాడుకున్నది ఎక్కడ? బస్సు కదిలేదాకా నేను నమ్మలేదు.

మర్నాడు పొద్దున చార్మినార్ మంచులో సగమే కనబడింది. పైకెక్కి చూస్తే గాజుల దుకాణాలు, టాంగాలు, చాయ్ పొగలు అన్నీ నిద్రలో కదులుతున్నట్టున్నాయి. మధ్యాహ్నం హుస్సేన్‌సాగర్ కట్ట మీద కూర్చుని జాంపండ్లు తిన్నాం. ఎండ గొంగడి కప్పినట్టు హాయిగా ఉంది. ఆయన నాతో అంతసేపు మాట్లాడడం అదే మొదలు. ఏం మాట్లాడాడంటే ఇప్పుడు చెప్పలేను గానీ ఆ గొంతు మాత్రం గుర్తుంది.

సాయంత్రం నుమాయిష్‌కు పోయాం, ఏటా చలికాలం పట్నంలో పెట్టే పెద్ద ఎగ్జిబిషన్ అది. ఎటు చూసినా రంగు రంగుల బల్బులు. చీరల దుకాణం కనబడగానే ఆయన ఆగిపోయాడు. మా సాలెవాళ్లకు అదో రోగం! చీర కనబడితే అంచు వేళ్లతో నలిపి, తిరగేసి, నేత ఎట్లా ఉందో తేల్చాల్సిందే. నేను బల్బులు చూసుకుంటూ నడిచాను. పెద్ద రంగులరాట్నం మనుషుల్ని ఆకాశంలోకి ఎత్తి మెల్లగా దింపుతోంది. నోరు తెరుచుకుని చూసి చూసి వెనక్కి తిరిగితే ఆయన లేడు.

అయ్యో, ఎంత తిరిగానో! ఏ దుకాణం చూసినా అదే దుకాణంలా ఉంది. మేం దిగిన చుట్టాల ఇల్లు ఏ గల్లీలో ఉందో కూడా నాకు తెలియదు. ఏడుస్తుంటే ఎవరో ముసలాయన, తప్పిపోయినవాళ్ల కోసం కేకేసే మైకు గుడారం దగ్గర దిగబెట్టాడు.

"నీ మొగుని పేరేందమ్మా?" అన్నాడు మైకాయన.

నేను తల అడ్డంగా ఊపాను. పెనిమిటి పేరు నోట పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని అవ్వ నాకు చిన్నప్పుడే నూరిపోసింది. "హుజూరాబాద్ దిక్కు. మగ్గం నేస్తడు," అన్నాను.

అతను ఆ మాటే మైకులో చెప్పాడు. హుజూరాబాద్ మగ్గం ఆయన రావాలి, భార్య ఇక్కడుంది అని. ఇంకేముంది, ముగ్గురు సాలెవాళ్లు ఉరికొచ్చారు! ముగ్గురి భార్యలూ ఊళ్లోనే ఉన్నారట. "చెప్పకుండ ఎనకనే వచ్చిందేమోనని పరేషానైన," అన్నాడు ఒకాయన చెమట తుడుచుకుంటూ.

"జూస్తివా? పేరు లేకుంటే దొరకడు," అని మైకాయన మైకు నా ముందుకు జరిపాడు. "నాకు జెప్పకు తల్లీ, దీనికి జెప్పు."

దేవుడా, తగ్గిస్తే నా ఆయుష్షు తగ్గించు అనుకుని, కళ్లు మూసుకుని ఆయన పేరు అన్నాను. నా గొంతు ఆ బల్బుల మీదుగా ఎటో పోయింది.

చీరల దుకాణంలో మునిగి ముందరి కేక వినలేదట, పేరు వినబడగానే ఆయన పరుగున వచ్చాడు. నాకు ఏడుపు ఆగలేదు. "పేరు అన్న. ఏమన్నయితదేమో," అన్నాను.

ఆయన తిట్టలేదు. నా పక్కన కూర్చున్నాడు. "నన్ను కన్న అవ్వ సచ్చిపోయినంక నా పేరు ఎవ్వలు పిలువలే. బాపు ఒరేయ్ అంటడు, ఊరోళ్లు అన్నా అంటరు," అన్నాడు. తర్వాత మెల్లగా, "ఇంకోసారి అను," అన్నాడు.

నేను ఆయన చెవి దగ్గరకు వంగి ఇంకోసారి అన్నాను.