ఎర్రదారం కుట్టిన నోటుపుస్తకం

ఆదోని నుంచి చెల్లెలు ఫోన్ చేసి, “అక్కా, సార్ పోయినారు” అంది. ముందు దుఃఖం రాలేదు. భయం వచ్చింది. ఆయనతో చెప్పుకోవలసిన మాట ముప్పై ఏళ్లుగా నా దగ్గరే ఉండిపోయింది. రోజూ ప్రార్థనలో దేవుడికి చెప్పుకున్నాను, ఆయనకు మాత్రం చెప్పలేదు.

సార్ ఆదోని కాలేజీలో చెల్లెలికి డిగ్రీలో ఇంగ్లీషు చెప్పారు. తొలినాటి గోతిక్ నవలలంటే ఆయనకు ప్రాణం. పాడుబడిన కోట, నేలమాళిగ, తాళం వేసిన గది, ఆరిపోబోయే దీపం. “వారపత్రికల్లో దయ్యాల సీరియళ్లు సదువుతారే, ఆ పాత బంగళాకు పునాది ఆడ పడింది” అనేవారు. ఆ కథలను తనకు తోచినట్టు మార్చి తెలుగులో నోటుపుస్తకాల్లో రాసేవారు. కోట వచ్చినచోటల్లా ఆదోని కోటే.

చదివేవాళ్లు ముందే చివర చూసేయకుండా ఆఖరి అధ్యాయాన్ని దారంతో కుట్టి ఇచ్చేవారు. తెల్లదారమైతే దయ్యం చివరికి గాలో, ఎవరి మోసమో అవుతుంది. ఎర్రదారమైతే దయ్యం నిజం. “ఆ నవలల కాలంలోనే రెండు దార్లు పడినాయి. ఇప్పుడు రాసేటోళ్లూ ఏదో ఒక దాంట్లోనే పోతాండారు.”

చెల్లెలు డిగ్రీలో ఉండగానే, ఎమ్మిగనూరులో మా ఇంట్లో అమ్మ మగ్గం మీదే ఒరిగి ప్రాణం విడిచింది. ఆ తర్వాత చెల్లెలు మగ్గం గదిలో అడుగు పెట్టలేదు. తలుపు మూసి ఉన్నా మగ్గం చప్పుడు వినిపిస్తోందనేది. కాలేజీ మానేసింది, అన్నం మానేసింది. ఈ పిల్ల కూడా నాకు దక్కదేమోనని వణికిపోయాను. చీరలు ఇవ్వడానికి ఆదోని వెళ్లినప్పుడు సార్ ఆమె కోసం ఒక నోటుపుస్తకం ఇచ్చారు. ఎర్రదారం.

“ఇది వద్దు సార్. మగ్గం గదికే పోవడంలేదు అది.”

“అందుకే ఇదమ్మా.”

“భయంతో ఏమన్నా అయితే?”

“ఒక్కతే భయపడితే కష్టం. పుస్తకంలో ఇంకొకరు కూడా భయపడతాంటారు గదా.”

నాకు ధైర్యం చాలలేదు. చెల్లెలు చూడకముందే ఎర్రదారం లాగేసి, మా మగ్గం తెల్లదారంతో కుట్టి ఇచ్చాను. ఆ అధ్యాయం తెరిచైనా చూడలేదు.

మూడు రోజులు ఆమె చదువుతుంటే నేను ఆమె మొహమే చూశాను. నాలుగోరోజు మధ్యాహ్నం వంటింట్లోకి వచ్చింది.

“అక్కా, సార్ దారం తప్పు కుట్టినారు. దయ్యం నిజమే.”

“భయమైందా?” అన్నాను.

“ల్యా. సచ్చిపోయిన తల్లి, కూతురు అన్నం తిన్నదో ల్యాదో చూసిపోదామని వస్తాది. అంతే.” పీట వాల్చుకొని, “నాకింత అన్నం పెట్టు” అంది. తిన్నాక చీపురు తీసుకొని మగ్గం గది తలుపు తీసింది.

పుస్తకం సార్‌కు తిరిగిచ్చాక, ఎప్పుడు కలిసినా ఆయనను ఆటపట్టించేది. “రంగులు తెలియకుండా పోయినాయి సార్ మీకు!”

“అవునమ్మా, కండ్లద్దాలు మార్చాల” అనేవారు, నా వైపు చూడకుండా.

మొన్న చెల్లెలితో కలిసి వాళ్లింటికి వెళితే సార్ భార్య లోపలి నుంచి ఆ నోటుపుస్తకం తెచ్చి, “పెద్దామెకు ఇయ్యమన్నాడు” అని నా చేతిలో పెట్టింది. చివర మళ్లీ ఎర్రదారం ఉంది. సార్ కుట్టు ఎప్పుడూ వంకరే, ఎడమెడంగా ఉండేది. ఇది దగ్గరదగ్గరగా, తిన్నగా ఉంది. ఆనాడు నా సూది చేసిన రంధ్రాల్లోంచే, ఒక్కటీ వదలకుండా దారం పోనిచ్చారు.

చెల్లెలు నా భుజం మీదుగా చూసి కళ్లు తుడుచుకుంది. “ఈసారి సరిగ్గా కుట్టినారు.”

“ఆ రోజూ సరిగ్గానే కుట్టినారు” అన్నాను.

ఆమె నన్ను చూసింది. తర్వాత నోటుపుస్తకం తన ఒళ్లోకి తీసుకొని, ఆ కుట్టు మీద ఒక్కో రంధ్రాన్నీ వేలితో తడుముతూ కూర్చుంది.