ఖాలా మెయిన్ బంద్ చేసిన సాయంత్రం

డాబా మీద నీళ్ల ట్యాంకు నుంచి మెట్ల గది దాకా ఒక రాగితీగ కట్టుకోనిచ్చే ఇంటి ఓనరు శంషాబాద్ చుట్టుపక్కల దొరకడం అంత సులువు కాదు. పిడుగు పడుతుందని ఒకాయన, చూసేవాళ్లు ఏమనుకుంటారోనని ఇంకొకాయన నన్ను ఖాళీ చేయించారు. సాతంరాయిలో కింది పోర్షన్‌లో తానుంటూ పైగది అద్దెకిచ్చే ముసలావిడ మాత్రం "నా బట్టలు ఆరేసుకోనిస్తే చాలు బేటా" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆమెను ఆ రోజు నుంచే ఖాలా, అంటే పిన్నీ, అని పిలిచాను. అప్పటికప్పుడు ఆరాంఘర్ వెళ్లి తీగ కొన్నాను. లాప్‌టాప్ చార్జర్ కాలిపోయి ఉంటే, పనిలో పనిగా ఫుట్‌పాత్ మీద చవకలో కొత్తదొకటి తెచ్చుకున్నాను.

నాకు హామ్ రేడియో పిచ్చి, ఊరూరి సరదారాయుళ్లు ఇంట్లోంచే గాల్లో మాట్లాడుకునే రేడియో అది. లైసెన్సు ఉంది గానీ ఖరీదైన సెట్టు లేదు. ఇప్పుడు దాని అవసరమూ లేదు. బొటనవేలంత రేడియో డాంగిల్‌ను లాప్‌టాప్‌కు గుచ్చి, దానికి డాబా మీది తీగను యాంటెన్నాగా తగిలించి, ఎవరో పుణ్యాత్ములు రాసి ఊరికే పంచిపెట్టిన ప్రోగ్రాం తెరిస్తే, గాల్లో ఉన్న స్టేషన్లన్నీ రంగుల చారలై తెర మీద పైనుంచి కిందికి జారుతుంటాయి. ఏ చార మీద నొక్కితే ఆ గొంతు పలుకుతుంది. తిరువనంతపురంలో ఒకాయన తన ఊరి వాన గురించి ఇంకొకాయనతో చెప్పుకుంటుంటే, ఎయిర్‌పోర్టు కార్గో షెడ్డులో డ్యూటీ దిగి వచ్చిన నేను సాతంరాయిలో కూర్చుని విన్నాను. ఆ రోజు అన్నం సంగతే మరిచిపోయాను.

ఆ సంబరం ఎంతో కాలం నిలవలేదు. ఖాలాకు ఒక పాత ట్రాన్సిస్టర్ ఉంది. పొద్దుగూకాక చేసే మగ్రిబ్ నమాజు అయ్యాక దాంట్లో మీడియం వేవ్‌లో ఉర్దూ పాటలు వింటుంది. అది రోజూ గుర్రుమనడం మొదలైంది.

"నీ తీగ కట్టినప్పటి సంది నా రేడియో ఖరాబైంది. ఇత్వారం లోపల ఆ తీగ దిగాలె, లేకుంటే నువ్వు దిగాలె" అంది.

"అది వినే తీగ ఖాలా. చెవి ఎక్కడన్న లొల్లి చేస్తదా?"

"చెవి సంగతి నాకెర్కలేదు. నా పాట నాకు గావాలె."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. విసురుగా పైకి వెళ్లి తెర చూశాను. ఆమె మాట అబద్ధం కాదు. మీడియం వేవ్ నిండా కిటికీ ఊచల్లా నిలువు గీతలు. దేని మీద నొక్కినా గుర్రుమనే చప్పుడే. మొదట పక్కనున్న ఫంక్షన్ హాలు లైట్లను తిట్టుకున్నాను. పెళ్లి లేని రోజు కూడా గీతలున్నాయి. ఇక తప్పంతా ఖాలా సామాన్లదేనని తేల్చేశాను.

ఆమె పెట్టిన ఆదివారం గడువుకు ముందు రోజు, శనివారం సాయంత్రం ఆమెను కింద నిలబెట్టి, నేను పైన లాప్‌టాప్ ముందు కూర్చున్నాను.

"ఫ్రిజ్ బంద్ చెయ్యి ఖాలా!"

"చేసిన!"

"ఫ్యాను!"

"చేసిన!"

"టీవీ ప్లగ్గు పీకు!"

గీతలు అంగుళం కదల్లేదు. ఆమె చెమటలు తుడుచుకుంటూ మెట్లెక్కి వచ్చి నా గదిని ఒకసారి కలయజూసింది.

"నా ఇంట్లయన్ని బంద్ చేపిచ్చినవు. నీ ఇంట్లయి ఎవలు బంద్ చేస్తరు?"

నేను నోరు తెరిచేలోపే మెట్ల దగ్గరి మీటరు బోర్డు దగ్గరికి పోయి మెయిన్ స్విచ్ కిందికి గుంజేసింది. ఇల్లంతా చీకటైంది.

లాప్‌టాప్ బ్యాటరీ మీద వెలుగుతూనే ఉంది. గీతలు ఒక్కటి లేదు. కింద గదిలో ఆమె పెట్టి వచ్చిన, సెల్లుల మీద నడిచే ట్రాన్సిస్టర్‌లోంచి పాట మంచినీళ్లంత తేటగా వినిపించింది.

చార్జర్! బ్యాటరీ ముసలిదని లాప్‌టాప్‌ను పొద్దస్తమానం దానికే కట్టేసి ఉంచేవాణ్ణి. ఇంటి కరెంటు వైర్ల వెంట దాని రొద ఆమె రేడియో దాకా పాకింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికానన్నమాట. చెప్పగానే ఖాలా గోడ పట్టుకుని నవ్వింది. నాకూ నవ్వాగలేదు.

"ఇగ తీగ దించాల్నా ఖాలా?" అని అడిగాను. గొంతులో భయం దాచుకోలేకపోయాను.

ఆమె కిందికి పోయి ట్రాన్సిస్టర్ పట్టుకొచ్చింది. నేను తెర మీద ఆమె స్టేషన్ నొక్కాను. పాడే ఆవిడ గొంతు పెంచినప్పుడల్లా చార వెడల్పవుతోంది.

"గిదేంది?"

"గదే నీ పాట."

ఖాలా వేలితో ఆ చారను మెల్లగా తాకింది. ఇన్నేళ్లు విన్న పాటను ఆమె మొదటిసారి చూస్తోంది. నాకెంత సంతోషమైందో చెప్పలేను.

"ఉక్కపోస్తుంది, మెయిన్ వెయ్యనా?" అన్నాను.

"పాట అయిపోనీ బేటా."

చీకట్లో చెమటలు కారుస్తూ పాట అయ్యేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం.

మర్నాడు చార్జర్‌ను చెత్తలో పారేశాను. నిచ్చెన వేస్తే కింద ఖాలాయే పట్టుకుంది. ట్యాంకు దగ్గరి నుంచి ఇంకో తీగను ఆమె ట్రాన్సిస్టర్ కోసం కిటికీ దాకా దించి కట్టాను.

"జర గట్టిగ కట్టు" అని అరిచింది. "ఏండ్లకేండ్లు ఉండేటోళ్లం."