అక్క పెళ్లికి నేను పెట్టిన పాట

మైలవరంలో మా అక్క పెళ్లికి వచ్చినవాళ్లు ఇప్పటికీ ఎక్కడైనా ఎదురైతే ముందు నన్ను చూసి నవ్వుతారు, తర్వాతే పలకరిస్తారు. కొందరైతే పలకరించడం కూడా మానేసి నవ్వుకుంటూ వెళ్లిపోతారు. నిండు చర్చిని, పాస్టరుగారితో సహా, ఒక్క బొటనవేలితో అతలాకుతలం చేసిన ఘనత నాది. ఏం జరిగిందో దాచకుండా చెప్పేస్తాను. ఎలాగూ మీరెవరూ నాకు పిల్లనిచ్చేవాళ్లు కాదు కదా!

అప్పట్లో నేను విజయవాడలో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. చదువుతున్నానన్నది మా నాన్నగారి నమ్మకం. నా ధ్యాసంతా ఒక గేమ్ కన్సోల్ మీద ఉండేది. రెండు చేతులతో పట్టుకుని ఆడుకునే చిన్న యంత్రం, పాతది, క్లాస్‌మేట్ దగ్గర కొన్నాను. అందులో కంపెనీ ఇచ్చిన ఆటలే కాకుండా, ఎక్కడెక్కడో కూర్చున్న ఔత్సాహికులు సరదాకి తయారుచేసిన ఆటలు కూడా ఎక్కించుకోవచ్చని ఇంటర్నెట్‌లో చదివాను. వాటిని హోమ్‌బ్రూ అంటారు. ఆ పేరే మొదటి గండం.

పెళ్లికి వారం ముందు, మిట్టమధ్యాహ్నం, ముందుగదిలో లాప్‌టాప్ ముందు కూర్చుని ఆ పనిలో ఉన్నాను. మా నాన్నగారు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. ఊరంతా దానియేలు మాస్టారు అంటారు. శుభలేఖల కట్టతో లోపలికి వచ్చారు.

"ఏంట్రా బాబీ, పొద్దుట్నుంచీ కదలకుండా ఏం చేస్తన్నావు?"

"హోమ్‌బ్రూ మొదలెట్టాను నాన్నా."

కట్ట చేతిలోంచి జారిపోయింది. "ఇక్కడా? మనింట్లోనా?"

"ఇంట్లోనే నాన్నా, బయటెందుకు? బాగా కుదిరితే పెళ్లికొచ్చిన కుర్రాళ్లక్కూడా రుచి చూపిస్తా."

"సుగుణా!" నాన్నగారి కేక వీధి చివరిదాకా వినిపించింది. "నీ కొడుకు ఇంట్లో సారా కాస్తన్నాడే!"

వంటింట్లోంచి అమ్మ అట్లకాడతో సహా పరుగెత్తుకొచ్చింది. ఇద్దరూ కలిసి మంచం కింద చూశారు, అటక మీద చూశారు, ఆవకాయ జాడీ మూత తీసి వాసన కూడా చూశారు. ఇది తాగేది కాదు, ఆడేది అని వాళ్లకు నచ్చజెప్పేసరికి నాకు నిజంగానే ఏదైనా తాగితే బాగుండుననిపించింది.

మళ్లీ పనిలో పడ్డాను. సూచనలు రాసిన పుణ్యాత్ముడు ఎర్ర అక్షరాల్లో హెచ్చరించాడు. మెమరీ కార్డును ముందు ఫార్మాట్ చెయ్యాలట. చెప్పిన వరసలోనే ఫైళ్లు ఎక్కించాలట. ఒక్క అడుగు తప్పినా కన్సోల్‌కి, ఇటుకకి తేడా ఉండదట. నేను ఊపిరి బిగబట్టి, పిల్లి తన కూనను నోట కరుచుకున్నంత జాగ్రత్తగా చేశాను. సాయంత్రానికి తెర మీద కొత్త మెనూ వెలిగింది. అందులో మొట్టమొదట ఎక్కించింది ఒక కొట్లాట ఆట. ఇద్దరు వస్తాదులు ఎదురెదురుగా నిలబడతారు, భూతం లాంటి గొంతు ఒకటి అంకెలు లెక్కపెడుతుంది, వాళ్లు కుమ్ముకుంటారు. ఆ గొంతూ, ఆ చప్పుళ్లూ అన్నీ కార్డులో పాటల్లాగే విడివిడి ఫైళ్లుగా ఉంటాయి.

అక్కడితో ఆగి ఉంటే మీరు ఇది చదివేవాళ్లే కాదు. కానీ గెలుపు తలకెక్కింది. ప్రపంచంలో కరెంటుతో నడిచే వస్తువులన్నీ ఇక నా మాట వింటాయనుకున్నాను. పెళ్లికి కీబోర్డు వాయించే ఆయన్ని మాట్లాడబోతున్న నాన్నగారికి అడ్డం పడ్డాను.

"ఎందుకు నాన్నా దండగ? అన్నీ ట్రాకులున్నాయి. కార్డులో వేసి చర్చిలో సౌండు మిక్సర్‌కి పెట్టేస్తా. బటన్ నొక్కితే పాట."

అక్క నావైపు అనుమానంగా చూసింది. తను విజయవాడలో నర్సు. హాస్టల్‌లో తనతోపాటు ఉన్న స్నేహితురాళ్లు నలుగురు తన పెళ్లి కోసమే ఒక పాట కట్టి, పాడి, రికార్డు చేసి పంపారు.

"ఒరేయ్, చీరా నగా ఎలా ఉన్నా ఫర్లేదురా. నాన్న చెయ్యి పట్టుకుని నేను నడిచొచ్చేటప్పుడు ఆ పాట రావాలి. అదొక్కటే."

"వస్తదక్కా. పూచీ నాది."

ఆ మాట ఎంత ఠీవిగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో ఒళ్లు చచ్చిపోతుంది.

పెళ్లిరోజు పొద్దున్నే చర్చికి వెళ్లి మిక్సర్‌లో కార్డు పెట్టి చూశాను. పాట తేనెలా వచ్చింది. తర్వాత, ఎవరైనా చెయ్యి పెడతారేమోనని, అతిజాగ్రత్త కొద్దీ కార్డు తీసి చొక్కా జేబులో వేసుకున్నాను. అదే రంగు, అదే సైజు కార్డు ఇంకొకటి కన్సోల్‌లో ఉంది. కన్సోల్ ప్యాంటు జేబులో ఉంది. అక్క పెళ్లికి అదెందుకని అడక్కండి. అప్పుడు నేను ఊపిరితిత్తులైనా ఇంట్లో వదిలి వెళ్లేవాణ్ణేమో గాని దాన్ని వదిలేవాణ్ణి కాదు.

పెళ్లికొడుకు ఆనంద్ బావ వాళ్లది విజయవాడ వన్ టౌన్‌లో స్టీలు సామాన్ల కొట్టు. బావ తమ్ముడు వినయ్ వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"ఏంటి బ్రో, జేబు అంత ఎత్తుగా ఉంది?"

ఆ ప్రశ్న కోసమే పుట్టినవాణ్ణి నేను. కన్సోల్ తీశాను, హోమ్‌బ్రూ మీద చిన్న ఉపన్యాసం ఇచ్చాను, కార్డు ఊడదీసి, "ఇదిగో, రహస్యమంతా ఇందులోనే" అని చూపించాను. రెండో కార్డు కూడా తీసి, "ఇది మామూలుది, పాటలది" అని పక్కన పెట్టి తేడా వివరించాను. తేడా ఏమిటంటే, చూడ్డానికి ఏ తేడా లేకపోవడం! సరిగ్గా అప్పుడే బయట కేక వినిపించింది.

"పెళ్లికూతురు కారొచ్చిందహో!"

కన్సోల్ వినయ్ చేతిలోనే వదిలేసి, రెండు కార్డులూ గుప్పిట్లో పట్టి పరుగెత్తాను. చేతికందిన కార్డు మిక్సర్‌లో గుచ్చాను. జనం లేచి నిలబడ్డారు, తలుపు దగ్గర తెల్లచీరలో అక్క, పక్కన కోటులో బిగుసుకుపోయిన నాన్నగారు. బటన్ నొక్కాను.

"టింగు టింగు టిటింగు" అని కోతి గెంతినట్టు ఒక సంగీతం మొదలైంది.

నాన్నగారు ఒక అడుగు వేసి ఆగారు. ఆగి, ఇదే పాటేమోనని, దానికి తగ్గట్టు కాస్త గబగబా నడవడం మొదలుపెట్టారు. పాపం అక్కని లాక్కుపోతున్నట్టే ఉంది. తర్వాతి పాట అదే అయ్యుంటుందని బటన్ మళ్లీ నొక్కాను. స్టేడియంలో జనం ఈలలు. మళ్లీ నొక్కాను. ఎవరో ఎవర్నో గుద్దిన చప్పుడు, "అబ్బా!" అని మూలుగు. ముందు వరసలో ఒక మామ్మగారు ఉలిక్కిపడి మొగుడి వంక చూసింది.

ఈలోగా అక్క బలిపీఠం ముందుకు చేరింది. బావ ఇటు తిరిగాడు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. సౌండు తగ్గిద్దామని కంగారులో పెంచాను.

"త్రీ!" అంది భూతం గొంతు. స్పీకర్లు ఊగాయి. "టూ! వన్!"

"ఆపరా!" నాన్నగారు అరిచారు.

"ఫైట్!!"

నేను వైరు పట్టుకుని లాగేశాను, దాంతో మిగతా లైట్లూ ఫ్యాన్లూ కూడా పోయాయి. ఆ నిశ్శబ్దంలో అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

"అది పెళ్లయ్యాక మీరే తీరిగ్గా చేసుకుంటారు," అన్నారు నెమ్మదిగా. "ముందు ప్రమాణాలు చెయ్యండమ్మా."

బావ వాళ్ల నాన్న రత్నంగారి నవ్వుతో మొదలై చర్చి చర్చంతా పగలబడి నవ్వింది. బావ కోటు అంచు నోట్లో కుక్కుకున్నాడు. అక్క మాత్రం నవ్వలేదు. తల వంచుకుంది. అప్పుడు తెలిసింది నేనేం చేశానో. మిక్సర్ కిందికి దూరి అక్కడే కాపురం పెట్టాలనిపించింది.

అంతలో మూడో బల్ల దగ్గర ఒకమ్మాయి లేచింది. తర్వాత ముగ్గురు. ఆ హాస్టల్ స్నేహితురాళ్లే. "అయ్యగారూ, ఆ పాట మాకు వచ్చండీ," అంది మొదటమ్మాయి.

"అయితే ఇంకేం! మాస్టారూ, పిల్లని తీసుకుని మళ్లీ గుమ్మం దగ్గర్నుంచి రండి."

మైకు లేదు, కరెంటు లేదు. నలుగురమ్మాయిలు గొంతెత్తి పాడుతుంటే అక్క రెండోసారి నడిచి వచ్చింది. ఈసారి నాన్నగారు తొందరపడలేదు. నా పక్కనుంచి వెళుతున్నప్పుడు చూశాను, అక్క కళ్లు తడిగా ఉన్నాయి, పెదవి మీద మాత్రం చిన్న నవ్వుంది. ఆ రికార్డింగు వచ్చి ఉంటే ఇంత బాగుండేది కాదని నాకు గట్టి నమ్మకం.

సాయంత్రం అప్పగింతలు. నేను అక్కని పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను.

"నాకోసమేనా?" అంది చెవిలో.

"నీకోసమే అక్కా. క్షమించక్కా."

"సర్లే, క్షమించా. వినయ్ దగ్గరున్న నీ కన్సోల్ నా సూట్‌కేసులో పెట్టేశా. మీ బావా నేనూ ఆడుకుంటాం."

కారు కదిలింది. నేను దాని వెనకాల పరుగెత్తాను. "అక్కంటే ఎంత ప్రాణమో చూడండి ఈ పిల్లాడికి!" అని మామ్మగారు కళ్లొత్తుకుంది.

కాబట్టి, దానియేలు మాస్టారి కొడుకునైన నేను, పూర్తి స్పృహతో, ఎవరి బలవంతమూ లేకుండా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ శుభకార్యానికీ చదివింపుల కవరు తప్ప ఇంకేదీ జేబులో పెట్టుకుని వెళ్లను. నా పెళ్లంటూ జరిగితే పాటలు మనుషులే పాడతారు. వాళ్లు పాడేటప్పుడు నేను ఏ బటనూ నొక్కను.