నర్సమ్మ చెప్పని నలభై రోజులు

బిడ్డలో తేడా కనిపెట్టిన మనిషి ఆ సంగతి తల్లికి వెంటనే చెప్పాలా, కొన్నాళ్ళు ఆగాలా? పద్నాలుగేళ్ళుగా నన్ను నలిపేస్తున్న ప్రశ్న ఇది. జవాబు చెప్పవలసిన మనిషి మొన్న మంగళవారం పోయారు. భావనపాడు దారిలో ఉన్న మా కన్నవారి ఊళ్ళో ఆమె నర్సు. ఊరందరికీ నర్సమ్మ.

మా పాప ఆమె చేతుల్లోనే పుట్టింది. మెత్తగా వాలిపోయే ఒళ్ళు, ఏటవాలు కళ్ళు. కళ్ళు మా అత్తగారి పోలిక అనుకున్నాను. నర్సమ్మ మాత్రం పాప అరచేయి తెరిచి, అడ్డంగా ఉన్న ఒకే ఒక్క గీతను చూసి, మెల్లగా ముడిచేశారు.

మర్నాటినుంచి రోజూ పొద్దున్నే త్రాసు పట్టుకుని వచ్చేవారు. పాప నాలుగు గుక్కలకే అలసిపోయేది. గడ్డం కింద రెండు వేళ్ళు ఆనించి పాలు పట్టడం నాకు నేర్పారు.

"ఏటి నర్సమ్మా, రోజూ తూసీడానికి నా మనవరాలు జీడిపిక్కలేటి?" అనేది మా అమ్మ.

"జీడిపిక్కలకైతే బేరముంటాదప్పా. దీనికి బేరం నేదు, ఊరికినే తూత్తన్నాను."

నలభయ్యో రోజు పాలు తాగుతున్న పాప నుదురంతా చెమట. మే నెల ఉక్క కదా అని ఫ్యాను కిందికి జరిగాను. చెమట ఆగలేదు. నర్సమ్మ పక్కన కూర్చున్నారు.

"ఇది ఎండ కాదు తల్లీ, గుండె. రేపే విశాఖ ఎల్లాల."

అప్పుడు చెప్పారు, డౌన్ సిండ్రోమ్ అని; ఏటవాలు కళ్ళూ, అరచేతిలో ఆ ఒంటి గీతా దాని గుర్తులేనని. "పుటకతోటే వొచ్చింది. మందేసీస్తే పోదు. కానీ గుండె, థైరాయిడ్డు, సెవులు, కళ్ళు సూపిత్తా ఉండాల. నెమ్మదిగా అన్నీ నేరుత్తాది."

గుండెలో రంధ్రం. ఇలాంటి పిల్లలకు పుట్టగానే గుండెకు ఎకో స్కాన్ తీయించాలి కదమ్మా, అన్నారు అక్కడి డాక్టరు. ఆపరేషన్‌కు ముందే న్యుమోనియా వచ్చి పాప రెండుసార్లు చేజారబోయింది. ఆపరేషనయి ఊరికి తిరిగొచ్చాక నర్సమ్మ మీద అరిచాను. ముందే ఎందుకు చెప్పలేదని.

"ఇంకో తల్లికి పురిట్లోనే సెప్పీసినాను. ఆయమ్మ గోడేపు తిరిగి పడుకుండిపోనాది. పిల్లకి పాలివ్వనేదు. నీకు పిల్ల మీద పేణం కుదిరేదాకా ఆగినాను. తప్పయితే నాదే."

ఆ తర్వాత ఏటా థైరాయిడ్ పరీక్షకు మాతో బస్సెక్కేవారు. పాప మూడేళ్ళకు నడిచింది. పెద్దదయ్యాక, కనిపించినప్పుడల్లా దాని అరచేయి తెరిచి, ఓ జీడిపప్పు పెట్టి, ముడిచేవారు. నేను మాట్లాడేదాన్ని, నవ్వేదాన్ని; పూర్తిగా క్షమించానని మాత్రం చెప్పలేను. గట్టిగా కోపగించుకునే ఓపిక కూడా లేకపోయింది.

ఆమె పుట్టిల్లు ఉద్దానం, కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ సీమ. రెండేళ్ళుగా డయాలసిస్‌కు పలాస వెళ్తున్నారని పోయాకే తెలిసింది. అదీ చెప్పలేదు.

చివరి చూపుకు పాపను తీసుకెళ్ళాను. అది నర్సమ్మ పక్కన చతికిలబడి, ఆమె అరచేతిలో జీడిపప్పు పెట్టి ముడవబోయింది. వేళ్ళు ముడుచుకోలేదు. తన రెండు చేతులతో ఆ చేతిని మూసి, అలాగే పట్టుకుని కూర్చుంది. ఎవరు పిలిచినా లేవలేదు.

పుట్టిన రోజే చెప్పి ఉంటే పాప అంత నరకం పడేది కాదేమో. పుట్టిన రోజే చెప్పి ఉంటే నేనూ గోడవైపు తిరిగిపోయేదాన్నేమో. ఆమె చేసింది తప్పో ఒప్పో నేనింకా తేల్చుకోలేదు.