అనుమతి లేని టీవీ

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మనిషికి జీతం కన్నా ముందు గొంతు పెరుగుతుంది. నాకూ పెరిగింది. ఎలక్ట్రానిక్ సిటీలో ఏడాది పని చేశానో లేదో, కరెంటుతో నడిచే ప్రతి వస్తువు మీదా తీర్పులు చెప్పేవాణ్ణి. యలహంకలో ఉండే మా మేనమామ వాటిని నమ్మేవాడు (ఆయనొక్కడే). నా చదువు రోజుల్లోనే, ఆ వీధిలో అందరికన్నా ముందు హై డెఫినిషన్ టీవీ కొన్నదీ ఆయనే. బీరువా అంత లోతున్న ఆ టీవీ వచ్చాక అత్త కుట్టుమిషను వంటింట్లోకి వెళ్లాల్సి వచ్చింది. అత్త ఆ టీవీని ఏనాడూ క్షమించలేదు.

నా ఉద్యోగం రెండో ఏట హొసకోటెలో ఉండే అత్త తమ్ముడు గోడకు తగిలించే పల్చటి టీవీ కొని, "బావా, మీదాంట్లో ఇంత క్లియరు రాదులే" అన్నాడు. మామ పంతం పట్టి హై డెఫినిషన్ బొమ్మ వచ్చే కొత్త రకం డిస్క్ ప్లేయరు తెప్పించి, ఆదివారం బావమరిదిని భోజనానికి పిలిచి, వైర్లు కలపడానికి నన్ను రమ్మన్నాడు. కలిపాను. డిస్కు తిరిగింది. తెర మీద బొమ్మ రాలేదు, ఒక ఇంగ్లీషు వాక్యం వచ్చింది.

"ఏమి రాసుండాదప్పా?" అన్నాడు మామ (చదవడం వచ్చు, నమ్మలేక అడిగాడు).

"ఈ టీవీకి అనుమతి లేదంట మామా."

"ఎవురి అనుమతి? టీవీ నాది, డిస్కు నాది!"

నేను ఉత్సాహంగా మొదలుపెట్టాను. "కాపీ కొట్టకుండా సినిమావాళ్లు పెట్టిన తాళం మామా. ప్లేయరు టీవీని ఒక రహస్య గుర్తు అడగతాది. పాత టీవీలకి ఆ గుర్తు తెలీదు. మనం దొంగలేమో అని బొమ్మ ఆపేస్తాది."

బావమరిది పకపకా నవ్వాడు. వంటింట్లోంచి అత్త గరిటెతోనే వచ్చింది. "ఎవురప్పా దొంగ? ఇన్నేండ్లు మా ఇంట్లో ఉండాది, ఒక్క దినము మొరాయించలేదు. నిన్న వచ్చిన డబ్బా దీన్ని అనుమానిస్తాదా? ఒరే, నువ్వు నగొద్దు!"

తమ్ముడి నవ్వు ఆగిపోయింది. మామ నోరు తెరిచి అత్తనే చూస్తున్నాడు.

చివరికి పాత పద్ధతిలో, మూడు రంగుల వైర్లతో కలిపాను. బొమ్మ వచ్చింది. అయితే ఆ వైర్లకి తాళం లేదు కాబట్టి ప్లేయరు నాణ్యత తగ్గించి పంపుతోంది. పాత రకం డిస్కు బొమ్మకీ ఈ బొమ్మకీ పెద్ద తేడా లేదు. అత్త మొదటిసారి ఆ టీవీ ముందు, మామ పక్కన కూర్చుని, "ఎంత బాగుండాది!" అంది.

"నిజానికి అత్తా, ఇది పూర్తి..." అన్నాను.

"సుమ్మనుండప్పా" అన్నాడు మామ, తెర మీంచి చూపు తిప్పకుండా.

ఊరుకున్నాను కానీ, సినిమా అయ్యేదాకా చెప్పని ఆ వివరమే నాలుక మీద ఆడింది. ఎదుట కనబడుతున్నదాన్ని, ఆ టీవీ ముందు పక్కపక్కన కూర్చున్న ఆ ఇద్దర్నీ, చూడలేదు. అప్పటి ఆ కుర్రాడు, అంటే నేనే, ఇప్పుడు ఎదురైతే కోప్పడను. అతను చెప్పేదంతా విని, కాఫీ ఇస్తాను.